మల్లన్న పేరుమీద పరుగులు

విన్సెంట్ అలమారా మీదున్న సూట్‌కేసు దించి మంచం మీద ధడాలున పడేశాడు. వంటింట్లో ఉన్న అక్కకు వినపడాలనే అంత గట్టిగా పడేశాడు. సామ్రాజ్యానికి వినపడింది కూడా. ఆమె మాత్రం చేపల పులుసు మీద మూత తీసి, ఉప్పు చూసి, మళ్ళీ మూత పెట్టింది.

గురువారం, ఒంటిపూట ఆఫీసు. ఒంటిగంటకల్లా భోంచేసి నడుం వాల్చే ఆమె మొగుడు సువార్తరావు, రెండున్నర దాటినా బూట్లు విప్పకుండా సోఫా అంచున కూర్చుని ఉన్నాడు.

"అన్నం పెట్టమంటారా?"

"ఆకల్లేదు."

"ఒరేయ్ విన్సెంట్, నువ్వైనా వస్తావా?"

లోపలినుంచి జిప్పు లాగిన చప్పుడొకటి వచ్చింది. అలకలో మగవాళ్ళకున్న ఓపిక ఆడవాళ్ళకెక్కడిది! సామ్రాజ్యం స్టవ్ ఆర్పేసి, చేతులు తుడుచుకుని, వచ్చి వాళ్ళిద్దరికీ మధ్యనున్న గుమ్మంలో నిలబడింది.

పొద్దున్న కంపెనీ నోటీసు బోర్డు మీద కాయితం అంటించారు. స్టోర్స్‌లో ఒక ఉద్యోగం. ఏసీ గదిలో డ్యూటీ, ఎండలో పనిలేదు. దానికి మొదటి పేరు మల్లన్న. అతను కుదరకపోతే రెండో పేరు విన్సెంట్. కింద పెద్ద మేనేజరు దిల్షాద్ సాహెబ్ సంతకం. కాయితం మీద సంతకం ఎవరిదైనా, ఆ రెండు పేర్లూ ఆ వరసలో రాసింది సామ్రాజ్యమేనని ఆఫీసులో చాయ్ అందించే మనిషికి కూడా తెలుసు.

దిల్షాద్ సాహెబ్ లాహోరు మనిషి. ఆయనకు కంపెనీ ఒక కన్నైతే కంపెనీ క్రికెట్ టీము రెండో కన్ను. కంపెనీవాళ్ళూ, వాళ్ళ ఇంట్లోవాళ్ళూ టీములో ఆడొచ్చు; ఏటా వాళ్ళలో ఒకణ్ణి సైటు పని లేకుండా స్టోర్స్‌లో వేస్తాడు. కిందటేడు దాకా ఆ ఒక్క పేరు కెప్టెన్ సువార్తరావు చెప్పేవాడు. ఈ ఏడు కంపెనీ పిక్నిక్‌లో సామ్రాజ్యం చేతిలోని పొడుగు పుస్తకం సాహెబ్ కంటపడింది. రెండు చలికాలాల మ్యాచ్‌లు, ప్రతి ఆటగాడి ప్రతి బంతీ అందులో ఉంది. ఆయన గంటసేపు తిరగేసి, ఈసారి పేరు ఈ పుస్తకమే చెప్పాలన్నాడు. బందరు బళ్ళో మూడేళ్ళు లెక్కలు చెప్పి, పెళ్ళయ్యాక ఖతార్‌లోని ఈ వక్రా ఊళ్ళో గోడలు చూస్తూ కూర్చున్న సామ్రాజ్యానికి ఆ మాట ఎంత తీపిగా తగిలిందో ఆమెకే తెలుసు.

"నోటీసు బోర్డు దగ్గర నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు," అన్నాడు సువార్తరావు, బూట్ల వంక చూస్తూ. "సొంత బావమరిది పేరు కింద. రాడ్లు వంచేవాడి పేరు పైన."

"రాడ్లు వంచేవాడు పరుగులు చెయ్యకూడదని ఎక్కడైనా రాసుందా?"

విన్సెంట్ బయటికొచ్చాడు. చేతిలో మడతపెట్టిన చొక్కా ఉంది. "అక్కాయ్, ఒక్క మాట చెప్పు. నా ఆటలో తప్పేంటి?"

"తప్పేం లేదురా. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది."

"మరి?"

"పది బంతులాడితే ఏడింటికి పరుగు రాదు."

"అది నా తప్పా? ఇసుక తప్పు! భీమవరం గ్రౌండులో ఐతే అదే షాట్ జర్రుమని గీత దాటిపోయేది. ఇక్కడ నాలుగడుగులెళ్ళి కూలబడుతుంది."

"మనం ఉన్నది ఇక్కడ కదరా."

విన్సెంట్ చొక్కాను సోఫా మీదికి విసిరికొట్టాడు. పాపం, వాడు చెప్పిందీ అబద్ధం కాదు. ఇక్కడ పిచ్ అంటే సిమెంటు మీద పరిచిన చాప, దాని చుట్టూ మోకాటిలోతు కాకపోయినా చీలమండ లోతు ఇసుక. అందమైన షాట్లన్నీ ఆ ఇసుకలోనే సమాధి. బంతిని ఎలాగో ఒకలా ఖాళీలోకి నెట్టి, రొప్పుతూ పరుగెత్తేవాడిదే ఇక్కడ ఆట. సామ్రాజ్యం ఆ సంగతి కంటితో కనిపెట్టలేదు. ఇరవై రెండు మ్యాచ్‌ల లెక్క తీసి చూస్తే, పరుగు రాని బంతులు ఏ టీముకు తక్కువో ఆ టీము పందొమ్మిది సార్లు గెలిచింది. ఆ రోజు ఆమె అన్నం తినడం మరిచిపోయింది.

"మరి మీ మల్లన్నకో?" అన్నాడు విన్సెంట్.

"పదికి నాలుగే."

"ఆ ఆటేం ఆట అక్కాయ్! బ్యాటు పట్టుకోవడం చూశావా? గడ్డపార పట్టుకున్నట్టు పట్టుకుంటాడు."

"ఆట పుస్తకంలో ఉండదు సామ్రాజ్యం," సువార్తరావు గొంతు పెంచాడు. "మనిషి నిలబడ్డ తీరులోనే తెలిసిపోతుంది. మన పెళ్ళి పందిట్లో వీడు కర్రముక్క పట్టుకుని నిలబడితేనే చెప్పాను, వీడు ఆటగాడని. చెప్పానా లేదా?"

"చెప్పారు. కిందటేడు అలాగే నిలబడ్డ తీరు చూసి నలుగుర్ని టీములోకి తెచ్చారు. ఆ నలుగురూ కలిసి కొట్టింది తొంభై."

అది తగలవలసిన చోట తగిలింది. సువార్తరావు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కాసేపు అటే చూసి, ఉన్నట్టుండి వెనక్కి తిరిగాడు.

"మల్లన్న ఆట నువ్వు ఎన్నిసార్లు చూశావు?"

"నాలుగు. కిందటేడు సాయంత్రం మ్యాచ్‌లు."

"వాటిలో ఎంత కొట్టాడు?"

సామ్రాజ్యానికి పుస్తకం తెరవక్కర్లేదు. "పదకొండు, నాలుగు, పద్దెనిమిది, ఆరు."

"చూడనివో?"

"తొమ్మిది మ్యాచ్‌లు. మొత్తం మూడు వందల నలభై రెండు."

శుక్రవారం పొద్దున జరిగే మ్యాచ్‌కు సామ్రాజ్యం ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ వేళకు ఫెలోషిప్‌లో ప్రార్థన ఉంటుంది, పాటలు నడిపించేది ఆమే. ఔటై వచ్చి కూర్చున్నవాడెవడో స్కోరు కాయితం మీద గీకితే, సాయంత్రం దాన్ని ఆమె తన పుస్తకంలోకి శుభ్రంగా ఎక్కించుకునేది.

"ఏం, నేను చూస్తుంటే అతనికి ఆట రాదనా మీ ఉద్దేశం?" అంది.

సువార్తరావు నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. మళ్ళీ మూశాడు. అన్నమాటలకు జవాబు చెప్పడం సామ్రాజ్యానికి ఎప్పుడూ కష్టం కాలేదు. అనని మాటతోనే వచ్చింది చిక్కంతా.

"నీ పుస్తకం, నీ ఇష్టం," అని పడకగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

విన్సెంట్ చెప్పులు వేసుకున్నాడు. "ఇంకా పన్నెండు రోజులే ఉంది అక్కాయ్ నా విజిట్ వీసా. ఆ తరవాత వెళ్ళిపోవాలి. రేపు అమ్మ ఫోన్ చేస్తుంది. ఏం చెప్పను?"

"నిజం చెప్పు."

"చెప్తాలే. అక్క లెక్క కట్టి నన్ను తీసేసిందని చెప్తా." మెట్ల మీద వాడి చెప్పుల చప్పుడు కిందిదాకా వినిపించింది. హార్బరు ఒడ్డుకు పోయి పడవలు చూస్తూ కూర్చుంటాడని ఆమెకు తెలుసు. అక్కడే కూర్చుని అక్కను తిట్టుకుంటాడనీ తెలుసు. చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు. ఆ కాయితం మీద వాడి పేరు రెండోదిగా రాసేముందు తాను ఎన్నిసార్లు లెక్క తిరగేసి చూసుకుందో ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకుంటే నమ్మేదెవరు?

ఆమె ఒక్కతే కూర్చుని రెండు ముద్దలు తింది. పులుసు బాగా కుదిరింది. ఆ సంగతి ఇంకా చిరాకు తెప్పించింది.

అయిదు గంటలకు తలుపు కొట్టిన చప్పుడైంది. బక్కగా, పొడుగ్గా, కడిగి ఆరేసిన చొక్కా వేసుకున్న మనిషి. చెప్పులు గుమ్మం అవతలే విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతన్ని సామ్రాజ్యం ఎప్పుడూ చూడలేదు.

"అమ్మా, సారు పండుకున్నడా?"

"పడుకున్నారు. లేపనా?"

"వద్దమ్మా. మీతోనే పని. నా పేరు లింబాద్రి. మల్లన్న నాకు మేనబావ. గాయన లేబర్ క్యాంపులనే ఉంట."

మల్లన్న పేరు వినగానే సామ్రాజ్యం మొహం విప్పారింది. ఈ రోజు ఈ ఇంట్లో ఆ పేరు ప్రేమగా పలికిన మొదటి మనిషి. "లోపలికి రా నాయనా. సంతోషంగా ఉన్నాడా మీ బావ?"

"ఉన్నడమ్మా. బోర్డు మీద పేరు చూసి ఏడ్చిండు." లింబాద్రి లోపలికి రాలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "గని అమ్మా, ఒక్క ముచ్చట. రేపు పొద్దుగాల్ల మ్యాచుకు దిల్షాద్ సాబ్ వస్తున్నడట. మల్లన్న ఆట చూసి, ఎల్లుండి కాయితం ఇస్తడట. మీరు గూడ వస్తున్నరని సారు చెప్పిండు."

"అవును, సాహెబ్ రమ్మన్నారు. స్కోరు నేనే రాయాలట."

"గదే అమ్మా. మీరు బల్ల కాడ కూసుంటరు. నేను బ్యాటు వట్టుకొని వస్త. మీరు ఏమనద్దు. అంతే."

సామ్రాజ్యానికి అర్థం కాలేదు. "నువ్వు రావడమేమిటి? ఆడేది మల్లన్న కదా?"

లింబాద్రి తల వంచుకున్నాడు. "పొద్దటి మ్యాచులన్నీ నేనే ఆడిన అమ్మా. మల్లన్న పేరు మీద."

సామ్రాజ్యం తలుపు రెక్క పట్టుకుంది.

"నేను లేబర్‌ను కిరాయికిచ్చే సప్లై కంపెనీ మనిషినమ్మా. మీ కంపెనీల పని చేస్త గని, నా కాయితాలు వేరే. టీముల నా పేరు రాదు. సారు ఒకనాడు క్యాంపు ఎనుక నా ఆట చూసి, మల్లన్న పేరు మీద ఆడు అన్నడు. పొద్దుగాల ఎవ్వలు రారు. సాయంత్రం మ్యాచులకు ఆఫీసరోళ్ళు, మీరు వస్తరు. గుర్తువడ్తరని అప్పుడు మల్లన్ననే దిగిండు. గీ ఏడు మ్యాచులన్నీ పొద్దుగాలనే పడ్డయి. అన్నీ నేనే."

"రేపు ఒక్కరోజైనా మల్లన్ననే ఆడమను. నాలుగు పరుగులు చేస్తే చాలదా?"

"ఆడలేడమ్మా. నెల కింద పరంజ మీదికెల్లి జారిండు. నడుము ఖరాబయింది. ఎవ్వలకు చెప్పలే. పొద్దున లేచి నిలవడెటందుకే నేను వట్టుకోవాలె. సైటు మీద వాని పని మేమిద్దరు ముగ్గురం పంచుకొని చేస్తున్నం. పనికిరాడని తెలిస్తే ఖల్లీవల్లీ, ఇగ పో అని ఇంటికి పంపిస్తరు. స్టోర్సుల కూసునే పనయితే బతుకుతడు."

"సాహెబ్ రేపు నిన్ను చూస్తాడు. ఎల్లుండి మల్లన్నను చూస్తాడు. గుర్తుపట్టడా?"

లింబాద్రి మొదటిసారి నవ్వాడు. "టోపీ వెడితే సాబ్‌కు మేమందరం ఒక్కతీరే కనవడ్తమమ్మా. మమ్ముల్ని ఎరికవట్టేది మీరొక్కరే. గందుకే వచ్చిన."

సామ్రాజ్యం ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని లింబాద్రి తనకు పనికొచ్చేలా అర్థం చేసుకున్నాడు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, చెప్పులు చేతబట్టుకునే మెట్లు దిగిపోయాడు.

ఆమె వెనక్కి తిరిగేసరికి పడకగది గుమ్మంలో సువార్తరావు నిలబడి ఉన్నాడు. నిద్రపోయిన మొహం కాదది.

"మీకు తెలుసు," అంది సామ్రాజ్యం.

అతను వెళ్ళి తెరిచున్న వీధి తలుపు మూశాడు.

"మధ్యాహ్నం ఈ గదిలో నిలబడి చూసినవెన్ని, చూడనివెన్ని అని నన్నే అడిగారు. తెలిసే అడిగారు!"

"అడిగాను. అప్పుడైనా నీకు అనుమానం వస్తుందేమోనని."

"నోరు తెరిచి చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను?" సువార్తరావు గొంతు చీలింది. "పిక్నిక్‌లో నీ పుస్తకం సాహెబ్ చేతిలో పడింది. నువ్వు నా మాట వినకుండా పేర్లు రాసి ఆయనకిచ్చేశావు. ఆ తర్వాత, సార్, ఇందులో మల్లన్నంటే ఇద్దరు మనుషులండీ, ఆ దొంగపని చేసింది నేనేనండీ అని చెప్పమంటావా? టీమును లీగులోంచి తీసేస్తారు. నా ఉద్యోగం ఏమవుతుందో దేవుడికే తెలుసు. అందుకేగా మొదటినుంచీ విన్సెంట్ పేరు వెయ్యమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను!"

"వాడి ఆట బాగుందని వెయ్యమన్నారు. ఇది చెప్పలేదు."

"వాడి ఆట బాగుంటుంది," అన్నాడు సువార్తరావు మొండిగా. ఇంత జరిగినా ఆ మాట మాత్రం వదల్లేదు.

సామ్రాజ్యం పుస్తకం తెచ్చి భోజనాల బల్ల మీద పరిచింది. తొమ్మిది పొద్దుటి ఆటలూ ఒక పక్క రాసింది. నాలుగు సాయంత్రాలూ ఒక పక్క రాసింది. ఇన్నాళ్ళూ ఒక్క మనిషనుకున్నది కళ్ళముందే ఇద్దరుగా విడిపోయింది. లింబాద్రికి ఆటకు ముప్పై ఎనిమిది. మల్లన్నకు ఆటకు పట్టుమని పది కూడా లేవు. విన్సెంట్‌కు ఇరవై రెండు.

ఆమె కలం ఆ ఇరవై రెండు దగ్గర ఆగిపోయింది.

మల్లన్న కంటే తన తమ్ముడే నయం. తన పుస్తకం ప్రకారమే నయం. ఎవరో చేసిన పరుగులు ఎవరి పేరుకో కట్టి, వాటిని చూపించి, సొంత తమ్ముణ్ణి పక్కకు నెట్టింది. ఎంత గర్వంగా నెట్టింది! మనుషుల్ని చూసి మోసపోయేది మీరు, నేను కాదు అని మొగుడితో ఎన్నిసార్లు అంది!

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు సువార్తరావు.

"పరుగులు చేసినవాడికి ఉద్యోగం రావాలి."

"వాడు మన కంపెనీ మనిషి కాదు."

"సాహెబ్ తలుచుకుంటే ఆ కంపెనీనుంచి రిలీజు ఇప్పించి ఇటు తెచ్చుకోలేడా? ఎంతమందికి ఇప్పించలేదు? ముప్పై ఎనిమిది సగటున్నవాణ్ణి ఏ టీము వదులుకుంటుంది? లింబాద్రిని తీసుకోనివ్వండి. బావ సంగతి అతనే చూసుకుంటాడు."

"సామ్రాజ్యం, నా మాట విను. రేపు నోరు మూసుకుని కూర్చో. నీకు దండం పెడతాను."

ఆమె పుస్తకం మూసింది.

శుక్రవారం పొద్దున ఏడున్నరకే ఎండ కళ్ళలోకి కొడుతోంది. డిసెంబరు గాలి మాత్రం చల్లగా ఉంది. ఫెలోషిప్‌లో క్రిస్మస్ పాటలు తాను లేకుండా మొదలుపెట్టి ఉంటారని సామ్రాజ్యానికి ఒక్కసారి గుర్తొచ్చింది. ఇసుకలో వేసిన బల్ల ముందు కూర్చుని ఆమె స్కోరు కాయితం మీద పేర్లు వరసగా రాసింది. మూడో పేరు మల్లన్న. రాస్తుంటే కలం సిరా ఆగి ఆగి వచ్చింది.

దిల్షాద్ సాహెబ్ కుర్చీ తెప్పించుకుని ఆమె పక్కనే కూర్చున్నాడు. ఒళ్ళో నోటీసు బోర్డు కాయితం నకలుంది. అవతల డేరా కింద, నీళ్ళ డ్రమ్ము వెనకాల, టోపీ కళ్ళమీదికి లాక్కుని ఒక మనిషి ఒదిగి కూర్చున్నాడు. సామ్రాజ్యం అతన్ని గుర్తుపట్టింది. అసలు మల్లన్న. విన్సెంట్ ప్యాడ్లు కట్టుకుని అక్కకేసి చూడకుండా బ్యాటు మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు.

మొదటి వికెట్ పడింది. లింబాద్రి నడిచి వచ్చాడు. బల్ల ముందునుంచి వెళ్తూ ఒక్కసారి ఆమె వంక చూశాడు. నిన్న సాయంత్రం గుమ్మంలో ఆమె మీద పెట్టుకున్న నమ్మకమంతా ఆ చూపులో ఉంది.

అతని ఆట ఆమె మొదటిసారి చూస్తోంది. విన్సెంట్ చెప్పింది నిజమే, బ్యాటు గడ్డపారలాగే పట్టుకున్నాడు. మొదటి బంతి మోకాలి పక్కనుంచి నెట్టి ఒక పరుగు. తరవాతిది ఇసుకలో పడి ఆగేలోపు రెండు. పది బంతులయ్యేసరికి తొమ్మిది పరుగులు. తన పుస్తకంలోని అంకెలకు కాళ్ళూ చేతులూ వచ్చి పరుగెత్తుతుంటే సామ్రాజ్యం కుర్చీ అంచుకు జరిగింది. ఇంతటివాడు ఇంకొకడి పేరు మోసుకుంటూ పరుగెత్తుతున్నాడు!

"బహుత్ ఖూబ్!" దిల్షాద్ సాహెబ్ తొడ చరిచాడు. "చూడ్డానికి చెత్తగా ఉంది. పరుగులు మాత్రం వస్తూనే ఉన్నాయి. మేడం, మీ లెక్కలు లేకపోతే ఇతన్ని నేను జన్మలో ఎంచేవాణ్ణి కాదు. ఇతనేగా మల్లన్న?"

సువార్తరావు ఆమె కుర్చీ వెనకాలే ఉన్నాడు.

అవునంటే సరిపోయేది. ఒక్క మాట. ఆ ఒక్క మాట కోసం ఆమె నిజంగానే నోరు తెరిచింది.

"కాదు సార్," అంది. "ఇతను లింబాద్రి. పుస్తకంలో మల్లన్న పేరుమీదున్న పరుగులు చాలావరకు ఇతనివే. నాకు నిన్ననే తెలిసింది. ఉద్యోగం ఇతనికివ్వండి సార్. ఆటకు ముప్పై ఎనిమిది చేశాడు. వేరుగా లెక్క కట్టి తెచ్చాను." సంచిలోంచి కొత్త కాయితం తీసి ఆయన ముందు పెట్టింది.

ఆయన ఆ కాయితం కేసి చూడనేలేదు. ఒళ్ళో ఉన్న కాయితం మీద వేలు పెట్టి పేర్లు వెతికాడు.

"లింబాద్రి ఎవరు? మన కంపెనీ మనిషేనా?"

"సప్లై కంపెనీ సార్. మీరు రిలీజు అడిగితే..."

"వేరే కంపెనీ మనిషి, మన మనిషి పేరుమీద, రెండేళ్ళుగా ఆడుతున్నాడు." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. జేబులోంచి పెన్ను తీసి మొదటి పేరు మీద అడ్డంగా గీత గీశాడు. వేలు కిందికి, రెండో పేరు మీదికి జరిగింది. "విన్సెంట్. ఇతనైనా తన పేరుమీదే ఆడుతున్నాడా?"

"అవును సార్," అంది సామ్రాజ్యం.

"సరే. మరి ఆ మల్లన్న ఎక్కడ? ఇన్నాళ్ళూ తన పేరు ఇంకొకడికిచ్చి తానేం చేస్తున్నాడు? రమ్మనండి."

సువార్తరావు కదల్లేదు. ఎవరో డేరా వైపు కేకేశారు. నీళ్ళ డ్రమ్ము వెనకాల మనిషి లేవబోయాడు. డ్రమ్ము అంచు పట్టుకున్నాడు. సగం లేచి, నడుం మీద చెయ్యేసుకుని, మళ్ళీ ఇసుకలో కూలబడ్డాడు. అందరూ చూశారు. దిల్షాద్ సాహెబ్ కూడా చూశాడు.

పిచ్ మీదినుంచి లింబాద్రి చూశాడు. బ్యాటు అక్కడే పారేసి డేరా వైపు పరుగెత్తాడు. బౌలరు బంతి పట్టుకుని బిత్తరపోయి నిలబడ్డాడు.

"రేపు పొద్దున ఎనిమిదింటికి ఆ ఇద్దరూ పాస్‌పోర్టు కాయితాలతో నా ఆఫీసులో ఉండాలి," అన్నాడు దిల్షాద్ సాహెబ్ లేచి. రెండడుగులు వేసి ఆగాడు. "మీరు కూడా, రావ్."

కారు వెళ్ళిపోయింది. విన్సెంట్ ప్యాడ్ల పట్టీలు ఒకటొకటీ విప్పుకుంటున్నాడు. జరిగింది వాడికి అందినట్టే ఉంది, మొహంలో సంతోషం మాత్రం కనపడలేదు.

సువార్తరావు బల్ల మీదికి వంగాడు. పక్కవాళ్ళకు వినపడనంత మెల్లగా అన్నాడు. "మొత్తానికి తమ్ముడికి ఇప్పించుకున్నావు. నన్నడిగితే నిన్ననే ఇప్పించేవాణ్ణిగా. ముగ్గుర్ని ముంచకుండా."

"మీరూ అలాగే అనుకుంటున్నారా?" అంది సామ్రాజ్యం. అతను అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తున్నాడు.

ఆమె లేచి ఇసుకలో డేరా దాకా వెళ్ళింది. లింబాద్రి మల్లన్న వీపుకు తన భుజం ఆనించి కూర్చోబెట్టాడు. మల్లన్న కళ్ళు మూసుకుని పళ్ళు బిగబట్టి ఉన్నాడు. చొక్కా మీదంతా ఇసుక.

లింబాద్రి తలెత్తి చూశాడు. తిడతాడనుకుంది. తిడితే కాళ్ళు పట్టుకుని క్షమించమని అడగాలనుకుంది. అతను తిట్టలేదు. చదువుకున్న మనిషి కనక జవాబు తెలిసి ఉంటుందన్నట్టు అడిగాడు.

"అమ్మా, గిప్పుడు వీన్ని ఇంటికి పంపిస్తరా?"